సొంత కోరిక ఒకవైపు, దేవుని మాట ఒకవైపు: నిర్ణయం ఎలా తీసుకోవాలి

యెరూషలేము బబులోను సైన్యం చేతిలో కూలిపోయిన తరువాత, దేశంలో మిగిలిన కొద్దిమంది ప్రజలు ప్రవక్తయైన యిర్మీయా దగ్గరికి వచ్చి, తాము ఏ దారిన వెళ్లాలో దేవుణ్ణి అడిగి చెప్పమని బతిమాలారు. వచ్చే జవాబు తమకు మేలుగా తోచినా కీడుగా తోచినా దానికి లోబడతామని, అందుకు దేవుడే సాక్షి అని కూడా అన్నారు. పది రోజుల తరువాత జవాబు వచ్చింది. ఈ దేశంలోనే ఉండండి, ఐగుప్తుకు వెళ్లవద్దు అన్నది దాని సారం. అది విన్న వెంటనే వారు ప్రవక్తను అబద్ధికుడని నిందించి, ఐగుప్తుకే వెళ్లిపోయారు. యిర్మీయా గ్రంథం 42, 43 అధ్యాయాల్లో ఉన్న ఈ సంగతి చదివినప్పుడు, మాట ఇచ్చినవారు ఇంత త్వరగా ఎలా మారిపోయారని ఆశ్చర్యం కలుగుతుంది. ఒక అధ్యాయం వెనక్కి వెళ్లి 41:17 చూస్తే వారు మారనే లేదని తెలుస్తుంది. ప్రవక్తను అడగడానికి ముందే వారు ఐగుప్తుకు బయలుదేరి, బేత్లెహేము దగ్గర మజిలీ చేసి ఉన్నారు.

దేవుని చిత్తం తెలియడం లేదని బాధపడే విశ్వాసుల్లో చాలామంది ఆ మజిలీలోనే ఉన్నారని నేను నమ్ముతున్నాను. ఒకప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఒక ఉద్యోగానికి ఒప్పుకుంటున్నట్టు ఉత్తరం పంపేసి, ఆ తరువాత మూడు వారాల పాటు "ప్రభువా, ఇది నీ చిత్తమేనా, తెలియజేయుము" అని ప్రార్థించాను. ఆ ఉద్యోగంలో చేరితే సంఘ ఆరాధనకు వెళ్లే అవకాశం దాదాపు ఉండదని, ఇంట్లో అనారోగ్యంతో ఉన్నవారిని చూసుకునే భారమంతా మరొకరి మీద పడుతుందని నాకు ముందే తెలుసు. అయినా దేవుడు మౌనంగా ఉన్నాడని నేను ఇతరులతో చెప్పుకున్నాను. నా చేతిలో ఉన్న బైబిలు ఆ మూడు వారాల్లో ఒక్కరోజు కూడా మౌనంగా లేదు. కాబట్టి ఈ కింద చెప్పే పద్ధతి అన్నిటికంటే ముందు మన మనసు ఇప్పటికే ఎక్కడ మజిలీ చేసిందో చూసుకోవడంతో మొదలవుతుంది.

మొదట, కోరికను ఉన్నదున్నట్టు రాయండి

ఒంటరిగా కూర్చుని, ఒక కాగితం మీద "నాకు ఇది కావాలి" అని ఒక్క వాక్యంలో రాయండి. భక్తిగా వినిపించే మాటలు ఈ దశలో వద్దు. "దేవుని మహిమార్థం నా పరిధిని విస్తరింపజేసుకోవాలి" అని రాయవలసిన అవసరం లేదు, "నాకు ఆ పదవి కావాలి" అని రాయండి. "సహవాసం కోసం" అని కాకుండా "నేను ఆ వ్యక్తిని ప్రేమిస్తున్నాను, పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాను" అని రాయండి. "న్యాయం జరగాలి" అనే మాట వెనుక "నన్ను అవమానించినవాడు బాధపడటం చూడాలి" అనే కోరిక ఉంటే దాన్నే రాయండి. ఆ కాగితాన్ని మీరు తప్ప ఎవరూ చూడరు, దేవునికి అందులో కొత్తగా తెలిసేదీ ఏమీ లేదు.

తరువాత ఆ వాక్యం కింద "ఎందుకు?" అని రాసి జవాబివ్వండి. ఆ జవాబు కింద మళ్లీ "ఎందుకు?" అని రాయండి. ఇలా మూడు నాలుగు సార్లు చేస్తే మొదట రాసిన కోరిక అడుగున మరొకటి కనబడుతుంది. పదవి కావాలన్న కోరిక కింద తోబుట్టువుల ముందు తక్కువైపోతున్నానన్న బాధ ఉండవచ్చు, ఊరు మారాలన్న కోరిక కింద ఎవరినో క్షమించలేక వారి ముఖం చూడకుండా ఉండాలన్న ఆశ ఉండవచ్చు. అలా ఉన్నంతమాత్రాన మొదటి కోరిక తప్పైపోదు. కాని దేవునితో మాట్లాడవలసింది దేని గురించో ఇప్పుడు మీకు తెలుస్తుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. కోరిక కలగడమే పాపమని, మనకు ఇష్టమైనది ఏదైనా దేవునికి అయిష్టమే అయి ఉంటుందని భయపడే విశ్వాసులు ఉన్నారు. బైబిలు అలా చెప్పదు. బిడ్డ కావాలన్న హన్నా కోరికను దేవుడు గద్దించలేదు, విన్నాడు. గెత్సేమనేలో యేసు ప్రభువు "ఈ గిన్నె నా యొద్దనుండి తొలగించు" అని తన మనసులోని మాటను తండ్రి ముందు దాచకుండా పెట్టాడు. ఆయనలో పాపం లేదు, అయినా ఆ కోరిక ఉంది, దాన్ని ఆయన పలికాడు. యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయంలో శోధన గురించి చెబుతూ, ఒకడు తన సొంత దురాశ చేత ఈడ్వబడతాడని రాశాడు. ఈడ్వబడటమన్న ఆ మాటను గమనించండి. కోరికను మీరు చేతిలో పట్టుకుని దేవుని ముందుకు తీసుకువెళ్లగలిగితే అది ప్రార్థన అవుతుంది, అది మిమ్మల్ని పట్టుకుని లాక్కుపోతుంటే అది శోధన అవుతుంది. ఈ తేడాను పరీక్షించుకోవడానికి కాగితం చివర ఒక ప్రశ్న రాసుకోండి: "దేవుడు దీనికి వద్దంటే నాకు ఏమనిపిస్తుంది?" దుఃఖం కలుగుతుందని జవాబు వస్తే అది సహజం. ఆ ప్రశ్న అడగడానికే మనసు ఒప్పుకోకపోతే, మీరు బేత్లెహేము దగ్గర ఉన్నారేమో ఆలోచించుకోండి.

రెండవది, ఇది ఏ రకమైన విషయమో తేల్చుకోండి

నిర్ణయాలన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్ల చాలా గందరగోళం పుడుతుంది. కొన్ని విషయాల్లో దేవుడు ఇప్పటికే స్పష్టంగా చెప్పాడు. అబద్ధమాడవద్దు, దొంగిలవద్దు, వ్యభిచరించవద్దు, క్షమించండి అన్నవి ఇలాంటివి. మీరు పరిశుద్ధులగుటయే, జారత్వానికి దూరంగా ఉండటమే దేవుని చిత్తమని థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక 4:3 సూటిగా చెబుతుంది. మీ కోరిక అలాంటి ఆజ్ఞకు అడ్డంగా ఉంటే, దాని గురించి దేవుని చిత్తం కనుక్కోవడానికి ఉపవాసం ఉండవలసిన పని లేదు. లోబడటానికి బలం కావాలని ఉపవాసం ఉండండి. సంఖ్యాకాండము 22వ అధ్యాయంలో, ఇశ్రాయేలీయులను శపించమని మోయాబు రాజు మనుషులను పంపి పిలిపించిన బిలాముకు దేవుడు మొదటిసారే "వారితో వెళ్లవద్దు" అని చెప్పాడు. మరింత ఘనులైన అధిపతులు, మరింత గొప్ప బహుమాన వాగ్దానంతో రెండోసారి వచ్చినప్పుడు, అతడు వారిని ఆ రాత్రి ఆపి, దేవుడు ఇంకేమి చెబుతాడో చూద్దామన్నాడు. జవాబు తెలిసిన ప్రశ్నను మళ్లీ అడగడం భక్తిలా కనిపిస్తుంది, నిజానికి అది బేరం.

మరికొన్ని విషయాల్లో దేవుడు స్వేచ్ఛ ఇచ్చాడు. భర్త చనిపోయిన స్త్రీ గురించి కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 7:39లో పౌలు చెప్పిన మాట నాకు ఎంతో ఇష్టం. ఆమె తనకు ఇష్టమైనవానిని పెండ్లి చేసుకోవచ్చు, అయితే ప్రభువునందు మాత్రమే. కోరికకూ విధేయతకూ రెంటికీ ఒకే వచనంలో చోటు ఉంది. దేవుడు కంచె వేశాడు, కంచె లోపల ఏ చెట్టు నీడన కూర్చోవాలో ఎంచుకోవడం మీకే వదిలాడు. రెండు మంచి ఉద్యోగాల్లో ఏది, రెండు ఇళ్లలో ఏది అన్న ప్రశ్నల్లో చాలా వరకు ఇలాంటివే. వీటిలో జ్ఞానాన్ని ఉపయోగించండి, ప్రార్థన చేయండి, తరువాత నిశ్చింతగా ఎంచుకోండి. తప్పు ఇంటిని ఎంచుకుంటే దేవుని ప్రణాళిక అంతా చెడిపోతుందని నిద్ర మానుకోవడం విధేయత కాదు.

ఈ రెంటికీ మధ్యలో, అన్నిటికంటే కష్టమైన రకం ఒకటి ఉంది. కోరిక మంచిదే, అందులో పాపం లేదు, అయినా దేవుడు మిమ్మల్ని వేరే చోట నిలబెట్టాడు. దావీదు దేవునికి మందిరం కట్టాలనుకున్నాడు. ఇంతకంటే మంచి కోరిక ఏముంటుంది? నాతాను ప్రవక్త కూడా మొదట "వెళ్లి నీ మనసులో ఉన్నదంతా చేయి" అన్నాడు, ఆ రాత్రే దేవుడు నాతానును ఆపి, మందిరం కట్టేది నీ కుమారుడని దావీదుకు చెప్పించాడు. మీకు ఎదురైనది ఈ రకమైతే, మీ కోరిక చెడ్డదని నిరూపించుకునే ప్రయత్నం చేయవద్దు. ఇప్పటికే మీకు అప్పగించబడిన బాధ్యతలు ఏమిటో చూడండి. మీ మీద ఆధారపడినవారు ఎవరు, మీరు మాట ఇచ్చినది ఎవరికి, ఇప్పుడు చేస్తున్న పని మధ్యలో వదిలేస్తే ఎవరికి నష్టం? కొత్త పిలుపు అని మనం అనుకునేది పాత మాటను తప్పమని అడుగుతున్నప్పుడు నెమ్మదించి ఆలోచించాలి. తల్లిదండ్రులకు చేయవలసిన సహాయాన్ని "కొర్బాను", అంటే దేవునికి అర్పితం, అని చెప్పి తప్పించుకున్నవారిని యేసు ప్రభువు మార్కు సువార్త 7వ అధ్యాయంలో ఎంత కఠినంగా మందలించాడో చదవండి.

మూడవది, అది దేవుని మాటా, మనుషుల మాటా అని చూడండి

ఈ మెట్టును దాటవేయవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను, ఎందుకంటే దేవునికి విధేయత అనే పేరుతో మనుషుల ఇష్టానికి లొంగిపోయి గాయపడినవారిని నేను చూశాను. రాజుల మొదటి గ్రంథం 13వ అధ్యాయంలో యూదా నుండి వచ్చిన ఒక దైవజనుడున్నాడు. బేతేలులో అన్నపానాలు పుచ్చుకోవద్దని, వచ్చిన దారిన తిరిగి వెళ్లవద్దని దేవుడు అతనికి స్వయంగా చెప్పాడు. రాజు పిలిచినా అతడు లొంగలేదు. ఒక ముసలి ప్రవక్త వచ్చి, దేవదూత నాతో చెప్పాడు, నాతో మా ఇంటికి రా అంటే మాత్రం నమ్మి వెళ్లాడు. ఆ ముసలివాడు అబద్ధమాడాడని వచనమే చెబుతుంది. తిరుగు దారిలో సింహం ఆ దైవజనుణ్ణి చంపింది.

కాబట్టి "దేవుడు నీ గురించి నాకు చెప్పాడు" అని ఎవరైనా అన్నప్పుడు, చెప్పినవారు ఎంత పెద్దవారైనా, ఆ మాటను లేఖనంతో సరిచూడండి. కాగితం మీద రెండు వరుసలు గీసి, ఒకదానిలో దేవుని వాక్యం ఈ విషయంలో నిజంగా ఏమి చెబుతుందో, రెండోదానిలో కుటుంబం, సంఘం, స్నేహితులు మీ నుండి ఏమి ఆశిస్తున్నారో రాయండి. రెండో వరుసలో ఉన్నవన్నీ చెడ్డవని కాదు, వాటిలో గౌరవించవలసినవి ఎన్నో ఉంటాయి. కాని వాటికి ఆజ్ఞ బలం లేదు. రెండు వరుసలూ ఢీకొన్నప్పుడు అపొస్తలుల కార్యములు 5:29లో పేతురు, ఇతర అపొస్తలులు ఇచ్చిన జవాబే మన జవాబు: మనుషులకు కాదు, దేవునికే లోబడాలి. ఇంట్లో దెబ్బలు తింటున్నవారితోనో, లైంగికంగా వేధించబడుతున్నవారితోనో "ఓర్చుకోవడమే విధేయత" అని ఎవరైనా చెబితే, ఆ మాట దేవునిది అని నమ్మనక్కరలేదు. అలాంటి స్థితిలో ఉన్నవారు ముందుగా సురక్షితమైన చోటికి వెళ్లాలి, సహాయం చేయగల అధికారులకు తెలియజేయాలి. ఈ వ్యాసంలోని మిగతా మెట్లన్నీ ఆ తరువాతి సంగతి.

నాలుగవది, జవాబు రాకముందే సిద్ధపడండి

దేవుని చిత్తం చేయాలని నిశ్చయించుకున్నవానికి ఆ బోధ ఎక్కడినుండి వచ్చిందో తెలుస్తుందని యేసు ప్రభువు యోహాను సువార్త 7:17లో అన్నాడు. ఆ క్రమాన్ని చూడండి. మనం ముందు తెలియజేయమంటాము, తెలిశాక చేయాలా వద్దా అని ఆలోచిస్తామంటాము. ఆయన ముందు నిశ్చయించుకోమంటున్నాడు. ఈ మెట్టు ఎక్కడమే అన్నిటికంటే కష్టం, ఇక్కడే ఎక్కువ సమయం గడపాలి.

ప్రార్థనలో రెండు భాగాలు ఉండనివ్వండి. మొదటి భాగంలో కాగితం మీద రాసిన కోరికను ఉన్నదున్నట్టు చెప్పండి, అడగండి, అవసరమైతే ఏడవండి. రెండో భాగంలో "నా యిష్టము కాదు, నీ చిత్తమే" అనండి. మొదటి భాగం లేకుండా రెండోది మాత్రమే చెప్పేవారి ప్రార్థన తరచు పెదవుల దగ్గరే ఆగిపోతుంది. మొదటి భాగం దగ్గరే ఆగిపోయేవారిది ఆదేశమవుతుంది. రెండో భాగం నిజాయితీగా చెప్పలేకపోతే, అదే దేవునితో చెప్పండి: "ప్రభువా, నీ చిత్తం కావాలని నాకు ఇంకా అనిపించడం లేదు, అలా అనిపించేలా చేయుము." మీరు ఇచ్ఛయించడానికి కూడా మీలో పనిచేసేది దేవుడేనని ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2:13 చెబుతోంది గనుక ఆ ప్రార్థన చేయడానికి మీకు హక్కు ఉంది.

ఒక్కసారి ప్రార్థిస్తే మనసు లొంగదు. గెత్సేమనేలో ప్రభువే మూడుసార్లు వెళ్లి ప్రార్థించాడు. మత్తయి సువార్త 26వ అధ్యాయంలో మొదటి ప్రార్థననూ రెండో ప్రార్థననూ పక్కపక్కన పెట్టి చదివితే, "సాధ్యమైతే తొలగిపోనిమ్ము" అన్న మాట "నేను దీన్ని తాగితేనే గాని తొలగిపోవడం సాధ్యం కాకపోతే" అన్న మాటగా మారడం కనిపిస్తుంది. పౌలు తన శరీరంలోని ముల్లు తొలగాలని మూడుసార్లు వేడుకుని, "నా కృప నీకు చాలును" అన్న జవాబు అందుకున్నాడు. మీరూ కొన్ని రోజులు కేటాయించుకోండి. విషయం చిన్నదైతే మూడు రోజులు చాలవచ్చు, పెళ్లి, వృత్తి లాంటి పెద్ద విషయాలకు కొన్ని వారాలు పట్టవచ్చు. ఆ రోజుల్లో వెనక్కి తీసుకోలేని పని ఏదీ చేయవద్దు. సంతకం పెట్టవద్దు, ముందుగా డబ్బు కట్టవద్దు, ఎవరికీ మాట ఇవ్వవద్దు, ఉన్న ఉద్యోగానికి రాజీనామా చేయవద్దు. ఎవరైనా "ఇప్పుడే చెప్పాలి" అని తొందరపెడితే, ఆ తొందర ఎవరికి లాభమో గమనించండి. అయితే గడువు లేకుండా ప్రార్థిస్తూ ఉండిపోవడం కూడా మంచిది కాదు. నిర్ణయం తీసుకునే తేదీని ఆ కాగితం మీదే రాసుకోండి.

ఈ రోజుల్లో మీ మనసులో జరిగేదాన్ని రాసుకోవడం ఉపయోగపడుతుంది. 1521లో పంప్లోనా యుద్ధంలో కాలికి గాయమై మంచాన పడిన ఇగ్నేషియస్ లొయోలా (తరువాత జెస్యూట్ అనే కాథలిక్ సభను స్థాపించినవాడు), వీరగాథల కలలు కంటున్నంతసేపు సంతోషంగా ఉండి తరువాత మనసు ఎండిపోవడం, క్రీస్తు కోసం బతికినవారిని తలచుకున్నప్పుడు ఆ సంతోషం తరువాత కూడా నిలవడం గమనించాడు. ఆయన బోధ అంతటినీ అంగీకరించని సంఘాలవారికి కూడా ఈ పరిశీలన పనికివస్తుంది. ఒక దారిని ఊహించుకున్నప్పుడు కలిగే ఉద్రేకాన్ని బట్టి కాక, గంట తరువాత, మరుసటి ఉదయం మిగిలేదాన్ని బట్టి చూడండి. అయితే మనసుకు నెమ్మది అనిపించినంత మాత్రాన అది దేవుని ముద్ర అనుకోవద్దు. దేవుని ఆజ్ఞ తప్పించుకుని పారిపోతున్న యోనా కూడా తుఫానులో ఓడ అడుగున గాఢనిద్ర పోయాడు.

ఐదవది, సాకులనూ తెరిచిన తలుపులనూ పరీక్షించండి

సమూయేలు మొదటి గ్రంథం 15వ అధ్యాయాన్ని ఈ రోజుల్లో రెండుమూడుసార్లు చదవమని సలహా ఇస్తాను. అమాలేకీయులకు చెందినదంతా నాశనం చేయమని ప్రవక్తయైన సమూయేలు ద్వారా రాజైన సౌలుకు ఆజ్ఞ. అతడు పనికిరానివాటిని నాశనం చేసి, మంచి గొర్రెలనూ ఎడ్లనూ మిగిల్చాడు. సమూయేలు వచ్చేసరికి సౌలు "యెహోవా ఆజ్ఞ నెరవేర్చాను" అని తానే ముందుగా ప్రకటించాడు. గొర్రెల అరుపులు వినబడుతున్నాయేమని అడిగితే, ప్రజలు వాటిని దేవునికి బలి ఇవ్వడానికే ఉంచారన్నాడు. చివరికి ప్రజలకు భయపడ్డానని ఒప్పుకున్నాడు. "బలులు అర్పించుటకంటె ఆజ్ఞను గైకొనుటయు" శ్రేష్ఠమన్న మాట సమూయేలు అన్నది ఆ సంభాషణలోనే.

సౌలు సాకుల్లో ఏది మీదో వెతకండి. ఈ లాభంలో ఎక్కువ భాగం దేవుని పనికి ఇస్తానని మీకు మీరు చెప్పుకుంటున్నారా? చెప్పినదానిలో చాలావరకు చేశాను గదా అంటున్నారా? నా కోసం కాదు, పిల్లల కోసం అంటున్నారా? దేవునికి నా మనసు తెలుసు అంటున్నారా? ఆ చివరి మాట నిజమే, అందుకే భయపడాలి. మనకు నష్టం లేని భాగంలో సంపూర్ణంగా లోబడి, ఇష్టమైన భాగాన్ని మాత్రం మిగుల్చుకోవడం అవిధేయతలన్నిటిలోనూ గుర్తుపట్టడానికి కష్టమైనది, ఎందుకంటే చూపించుకోవడానికి ఎంతో కొంత విధేయత మన దగ్గర ఉంటుంది.

పరిస్థితులు కలిసిరావడాన్ని దేవుని అనుమతిగా భావించడం మరో పొరపాటు. యోనా దేవుని ఎదుటనుండి పారిపోవాలని యొప్పేకు వెళ్లినప్పుడు, తర్షీషుకు వెళ్లే ఓడ అక్కడ సిద్ధంగా ఉంది, ప్రయాణానికి ఇవ్వడానికి అతని చేతిలో కేవు, అంటే ఓడ ఛార్జీ, ఉంది. దారులన్నీ తెరుచుకున్నాయి, దిశ మాత్రం తప్పు. తనను చంపాలని వెతుకుతున్న సౌలు ఏన్గెదీ గుహలో ఒంటరిగా దావీదు చేతికి చిక్కినప్పుడు, దేవుడు వాగ్దానం చేసిన దినం ఇదేనని దావీదు మనుషులు అన్నారు. దావీదు మాత్రం దేవుని అభిషిక్తుణ్ణి చంపనని వెనక్కి తగ్గాడు. అవకాశం మీకు చేయగల వీలు ఉందని మాత్రమే చెబుతుంది, చేయాలని చెప్పదు. గిద్యోనులాగా గుర్తులు అడగాలనిపించినప్పుడు కూడా, గొర్రెబొచ్చు పరచడానికి ముందే దేవుడు అతనికి స్పష్టంగా ఆజ్ఞ ఇచ్చాడని న్యాయాధిపతులు 6వ అధ్యాయంలో గుర్తుపెట్టుకోండి. అతని బలహీనతను దేవుడు సహించాడు. దాన్ని పద్ధతిగా మనకు నేర్పలేదు.

ఆరవది, కాదనగలవారిని సలహా అడగండి

ప్రజల భారం తగ్గించాలా వద్దా అని సొలొమోను కుమారుడైన రెహబాము రాజు మొదట పెద్దలను అడిగాడు, వారి సలహా నచ్చక తనతో పెరిగిన యౌవనులను అడిగి వారి మాట విన్నాడు, రాజ్యం రెండుగా చీలింది. సలహా అడిగేముందే ఎవరు ఏమి చెబుతారో మనకు చాలావరకు తెలుసు, అందుకే మనం ఎంచుకునే మనుషుల్లోనే మన నిర్ణయం దాగి ఉంటుంది. ఇద్దరు ముగ్గురు చాలు. వాక్యం తెలిసినవారు, ఈ నిర్ణయం వల్ల లాభనష్టాలు లేనివారు, మీ రహస్యాన్ని కాపాడేవారు అయి ఉండాలి. వారిలో ఒకరైనా గతంలో మీతో "ఇది తప్పు" అన్నవారు అయితే మంచిది. వారికి సంగతి అంతా చెప్పండి, ముఖ్యంగా మీరు దాచిపెట్టాలనుకుంటున్న భాగాన్ని. సగం విన్నవారి పూర్తి అంగీకారం దేనికీ పనికిరాదు.

ఏడవది, ఖర్చు లెక్కవేసి మొదటి అడుగు వేయండి

గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు చూసుకుంటాడని ప్రభువు లూకా సువార్త 14వ అధ్యాయంలో చెప్పాడు. లోబడితే మీరు ఏమి పోగొట్టుకుంటారో స్పష్టంగా రాయండి. డబ్బు ఎంత, ఎవరి స్నేహం, ఎన్ని సంవత్సరాల కల? ఈ లెక్క వేయనివారు మొదటి కష్టంలోనే వెనక్కి తిరుగుతారు. దేవునికి లోబడితే చివరికి ఎలాగూ కోరుకున్నదే దొరుకుతుందని మిమ్మల్ని మీరు ఊరడించుకోవద్దు. ఆదివారాన్ని ప్రభువు దినంగా పాటించిన స్కాట్లాండ్ పరుగు క్రీడాకారుడు ఎరిక్ లిడ్డెల్ 1924 పారిస్ ఒలింపిక్స్‌లో నూరు మీటర్ల పరుగు ప్రాథమిక పోటీలు ఆదివారం జరుగుతాయని తెలిసి, తనకు బాగా పట్టున్న ఆ పరుగును వదులుకుని, 400 మీటర్లకు సాధన చేసి, 47.6 సెకన్లలో బంగారు పతకం గెలిచాడు. ఈ కథను మనం ఇక్కడితో ఆపేస్తాము. ఆయన మరుసటి ఏడాది మిషనరీగా చైనాకు వెళ్లాడు, 1945లో అక్కడ జపాను సైన్యం పౌరులను బంధించిన నిర్బంధ శిబిరంలో, భార్యాపిల్లలకు దూరంగా మరణించాడు. రెండు రోజుల్లోనూ ఆయన చేసింది ఒకటే, ఒక రోజు పతకం ఉంది, మరొక రోజు లేదు. ఆయన కథలో మరో విషయం కూడా గమనించాలి. పరుగు రోజు ఉదయం కాదు, నెలల ముందే ఆయన నిర్ణయం జరిగిపోయింది.

నిర్ణయం తేలిన తరువాత ఆలస్యం చేయవద్దు. మోరియా దేశానికి వెళ్లమన్న మాట విన్న అబ్రాహాము తెల్లవారుజామునే లేచి గాడిదకు గంత కట్టాడని ఆదికాండము 22:3 చెబుతుంది. మీరు కూడా ఇరవైనాలుగు గంటల లోపల చేయగల ఒక చిన్న పనిని ఎంచుకోండి. పంపవలసిన ఉత్తరం పంపండి, చెప్పవలసిన మనిషికి నేరుగా చెప్పండి, ఫోనులో తొలగించవలసిన నంబరు తొలగించండి, తిరిగి ఇవ్వవలసిన డబ్బులో మొదటి భాగం ఇచ్చేయండి. ఎదుటివ్యక్తికి బాధ కలిగించే నిర్ణయమైతే మర్యాదగా, వివరంగా, మీ తప్పు ఉన్నచోట తప్పు ఒప్పుకుంటూ చెప్పండి. "దేవుడు వద్దన్నాడు" అనే ఒక్క మాట వెనుక దాక్కోవద్దు, అది వినేవారికి దేవుని మీదే ద్వేషం పుట్టించగలదు.

వదులుకున్న తరువాతి రోజుల గురించి

లోబడిన వెంటనే సంతోషం వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు. కొన్ని వారాలు, కొన్నిసార్లు నెలలు దుఃఖం ఉంటుంది. ఆ దుఃఖాన్ని చూసి నిర్ణయం తప్పేమో అనుకోవద్దు, ప్రేమించినదాన్ని వదులుకున్నందుకు కలిగే నొప్పి అది. దాన్ని కీర్తనకారుల్లాగా దేవుని ముందు మాటల్లో పెట్టండి. ఖాళీ అయిన సమయాన్ని మాత్రం ఖాళీగా ఉంచవద్దు. మందిరం కట్టే భాగ్యం దొరకని దావీదు అలిగి కూర్చోలేదు. బంగారం, వెండి, ఇత్తడి, ఇనుము, దేవదారు మ్రానులు సమకూర్చి, సొంత సొత్తు కూడా ఇచ్చి, కొడుకు కట్టబోయే మందిరానికి అన్నీ సిద్ధం చేశాడని దినవృత్తాంతముల మొదటి గ్రంథం చివరి అధ్యాయాలు చెబుతాయి. మీకు దక్కని పనిలో మరొకరికి సహాయపడటం కష్టమే, కాని చేదు పేరుకోకుండా ఉండటానికి అంతకంటే మంచి మార్గం నాకు కనబడలేదు.

ఇదంతా చదివి, "నేను ఎప్పుడో నా ఇష్టప్రకారం చేసేశాను" అనుకుంటున్నవారు ఉండవచ్చు. ఇద్దరు కుమారుల ఉపమానంలో తండ్రి ఇష్టాన్ని చేసినవాడు మొదట పోనని చెప్పి, తరువాత మనసు మార్చుకుని ద్రాక్షతోటకు వెళ్లినవాడు. యోనాకు దేవుని వాక్కు రెండవసారి వచ్చింది. ఐగుప్తుకు వెళ్లిపోయిన ఆ ప్రజల విషయంలో కూడా, వారు యిర్మీయాను తమతో తీసుకుపోయారు, ఐగుప్తులోని తహపనేసులో దేవుని వాక్కు అతనికి మళ్లీ వచ్చింది. అది కఠినమైన మాటే, వారు దాన్నీ వినలేదు, అయినా దేవుడు వారితో మాట్లాడటం మానలేదు.

కాబట్టి మీరున్న చోటే మొదలుపెట్టండి. జరిగినదాన్ని సాకులు లేకుండా ఒక కాగితం మీద రాసి, దేవుని ముందు ఒప్పుకోండి. దానిలో వెనక్కి తీసుకోగలిగినవి, తీసుకోలేనివి విడదీయండి. అబద్ధం చెప్పి ఉంటే నిజం చెప్పవచ్చు, అన్యాయంగా తీసుకున్నది తిరిగి ఇవ్వవచ్చు, తెంచుకున్న మనిషి దగ్గరికి వెళ్లి క్షమాపణ అడగవచ్చు. జరిగిపోయిన వివాహాన్ని, పుట్టిన బిడ్డలను, గడిచిపోయిన సంవత్సరాలను పొరపాటుగా చూడవద్దు, ఇప్పుడు అక్కడే నమ్మకంగా ఉండటం మీకు అప్పగించబడిన పని. వెనక్కి తీసుకోగలిగినవాటిలో అన్నిటికంటే చిన్నదాన్ని ఎంచుకుని, దాన్ని ఈరోజే చేయండి.